శ్రోణిప్రమాణ విచారం: అంగుళగణనలో కటి, అస్థిగణనలో నితంబం

మనుష్యుని కటి వెడల్పు ఎంత అనే ప్రశ్నకు ప్రాచీన సంస్కృత గ్రంథాలలో ఒకటికి మించిన సమాధానాలున్నవి. చరకసంహిత విమానస్థానం 16 అంగుళాలన్నది. సుశ్రుతసంహిత సూత్రస్థానం 18 అంగుళాలన్నది. వరాహమిహిరుని బృహత్సంహితలోని ప్రతిమాలక్షణాధ్యాయం కూడ 18 అంగుళాలే అన్నది. పైకి చూస్తే చరకునికి తక్కిన ఇద్దరితో 2 అంగుళాల భేదం మాత్రమే ఉన్నట్లు, సుశ్రుత వరాహమిహిరులకు పూర్తి ఐకమత్యం ఉన్నట్లు తోస్తుంది. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. ఏ పూర్ణప్రమాణంలో ఎన్నో భాగమని అడగకుండ అంగుళసంఖ్యలను పక్కపక్కన పేర్చటం వలన కలిగే భ్రమ ఇది. ఇటీవలి కాలంలో తుంటి ఎముకలో స్వర్ణనిష్పత్తి ఉన్నదని, దానిని మన శాస్త్రాలు ముందే చెప్పినవని వినిపించే మాటలకు కూడ ఈ భ్రమయే మూలం. కనుక శ్రోణిని గురించి శాస్త్రం ఎక్కడ సంఖ్య చెప్పినది, ఎక్కడ ఎముకను చెప్పినది, ఆ రెండూ ఒకటేనా అన్న విచారం అవసరమగుచున్నది.

నెల్లూరు సీమకు ఈ విచారం పరాయిది కాదు. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు చెడిపోయే వ్యాధిని శాస్త్రీయంగా వర్ణించిన తొలి నివేదికలు 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాను గురించి వెలువడినవి. ఆ వ్యాధి మొదట పట్టుకొనే ఎముకలలో వెన్నుపూసలు, శ్రోణి ముఖ్యమైనవి. అందువలన ఈ సీమలో శ్రోణిప్రమాణం గ్రంథస్థమైన చర్చగా మాత్రమే మిగిలేది కాదు. ఆ సంగతి చివర వస్తుంది. ముందు గ్రంథపాఠం.

సుశ్రుతసంహిత సూత్రస్థానం ముప్పది అయిదవ అధ్యాయం ఆతురోపక్రమణీయం. వైద్యుడు చికిత్సకు పూనుకొనే ముందు రోగి ఆయువును, బలాన్ని ఎట్లు అంచనా వేయాలో చెప్పే సందర్భంలో అంగప్రత్యంగాల ప్రమాణాలు అక్కడ వస్తవి. కొలత ఎవరి అంగుళంతో అన్న విషయంలో సందిగ్ధం లేదు. ఎవరి శరీరం కొలుస్తున్నామో వారి అంగుళంతోనే. దీనినే స్వాంగుళమంటారు. కాబట్టి ఈ సంఖ్యలు పొడవులు కావు, నిష్పత్తులు. పొట్టివాని 18 అంగుళాలు, పొడుగువాని 18 అంగుళాలు గుడ్డకొలతలో సమానం కాకపోయినా శాస్త్రదృష్టిలో సమానమే.

ఆ పట్టికలో శ్రోణిని గురించిన భాగం మూడు చిన్న వాక్యాలు. స్త్రీ శ్రోణి పురుషుని ఉరస్సుతో సమానమైన వెడల్పు గలదన్నది మొదటి వాక్యం. ఉరస్సు వెడల్పు 18 అంగుళాలన్నది రెండవది. పురుషుని కటి అంతే ప్రమాణం గలదన్నది మూడవది. చిక్కు నడిమి వాక్యంలో ఉన్నది. అక్కడ చెప్పిన ఉరస్సు ఎవరిది? ముందరి వాక్యంలో పురుషుని ఉరస్సు ప్రస్తావన ఉన్నది గనుక అదే అనువర్తిస్తుందని అనుకొంటే పురుషుని రొమ్ము 18, స్త్రీ శ్రోణి 18, పురుషుని కటి 18. మూడూ సమానం. స్త్రీపురుషులకు శ్రోణిలో భేదమే లేదు. అట్లు కాక నడిమి వాక్యంలో స్త్రీ ఉరస్సు అని అధ్యాహారం చేసుకొంటే, వ్యాఖ్యానమార్గాన్ని అనుసరించినవారు ఇట్లే చేసినారు, చిత్రం పూర్తిగా మారిపోతుంది. చరకుడు ఉరస్సు వెడల్పును 24 అంగుళాలుగా చెప్పినాడు. దానిని ఇక్కడికి తెచ్చుకొంటే పురుషునికి రొమ్ము 24, కటి 18. స్త్రీకి రొమ్ము 18, శ్రోణి 24. ఒకరిలో 4కు 3, మరొకరిలో 3కు 4. అద్దంలో ప్రతిబింబం వంటి విలోమనిష్పత్తి.

ఈ రెండవ అన్వయం అందమైనది. అందమైనది గనుకనే కొంచెం జాగ్రత్తగా చూడవలసినది. ఒక విశేషణాన్ని అధ్యాహారం చేస్తే 24, చేయకపోతే 18. గ్రంథంలోని ఒక్క మాట ఉనికి మీద స్త్రీశ్రోణి మూడింట ఒక వంతు పెరుగుతున్నది, తరుగుతున్నది. పాఠనిర్ణయం ఇక్కడ వ్యాకరణ వినోదం కాదు.

ఇక పూర్ణప్రమాణం సంగతి. సుశ్రుతుడు పురుషుని ఆయామం 120 అంగుళాలన్నాడు. చరకుడు శరీరమంతా 84 అంగుళాలన్నాడు; ఆయామవిస్తారాలు సమమైన శరీరం, అంటే ఎత్తూ, చాచిన బాహువుల వెడల్పూ ఒకటైన శరీరం, సమశరీరమన్నాడు. వరాహమిహిరుని ప్రతిమ 108 అంగుళాలది. మూడింటికీ త్రైరాశికం వేస్తే కటి సుశ్రుతమతంలో పూర్ణంలో నూటికి 15 వంతులు, బృహత్సంహితలో ఆరింట ఒకటి, అనగా నూటికి 16.7, చరకమతంలో నూటికి 19. ఒకే 18 అంగుళాలు చెప్పిన ఇద్దరి మధ్య భేదమున్నది. అంగుళాల సంఖ్య తక్కువ చెప్పిన చరకుని మనిషికే నడుము అందరికన్న వెడల్పు.

120 అంగుళాల పురుషుడు వైదిక విద్యార్థులకు కొత్తవాడు కాడు. శుల్బసూత్రాలలో పురుషమంటే 5 అరత్నులు, అరత్ని 24 అంగుళాలు, మొత్తం 120. అగ్నిచయనంలో వేది కొలతకు యజమానుని ప్రమాణంగా తీసికొనేటప్పుడు అతడు చేతులు పైకెత్తి నిలుచుంటాడు. ఆపస్తంబుడు ఈ విషయం స్పష్టంగా చెప్పినాడు. కృష్ణయజుర్వేదాన్ని ఆపస్తంబసూత్రంతో అధ్యయనం చేసే సంప్రదాయం తెలుగునాట, నెల్లూరు మూలాపేట మొదలైన వేదాధ్యయన స్థానాలలో, బలంగా నిలిచినదే గనుక ఈ కొలత ఇక్కడి పండితులకు కంఠస్థమైన విషయం. సుశ్రుతుని 120ని చరకుని 84తో సమన్వయించటానికి సంప్రదాయం చూపిన మార్గం కూడ ఇదియే: అది ఊర్ధ్వబాహువై మునికాళ్లపై నిలిచిన పురుషుని కొలత.

ఈ సమన్వయం నిలుస్తుందా అన్నది లెక్కతో పరీక్షించదగిన విషయం. మనిషి చేతులు పైకెత్తితే వేళ్ల కొసలు నేలనుండి అతని ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లు ఉంటవి. మడమలు లేపి మునికాళ్లపై నిలిస్తే ఇంకొంచెం పెరిగి ఒకటీ మూడోవంతు రెట్ల దాపునకు వస్తుంది. 120ని 1¼తో భాగిస్తే 96. 1⅓తో భాగిస్తే 90. ఏ విధంగా చూచినా 84 రాదు. కాబట్టి సమన్వయం అంగుళాల వరకు సంపూర్ణం కాదు. అయితే కటి నిష్పత్తి విషయంలో మాత్రం ఫలితం ఆశ్చర్యకరంగా కుదురుతున్నది. 96లో 18 అంటే నూటికి 18.75. 90లో 18 అంటే నూటికి 20. చరకుని 19 ఈ రెంటి నడుమ పడుతున్నది. అంగుళం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న విషయంలో ఇద్దరికీ భేదముండవచ్చును గాని, నడుమును చూచిన కన్ను ఇద్దరిదీ ఒకటే.

వరాహమిహిరుని మార్గం వేరు. ప్రతిమలో అంగుళం ముందుగా చేతిలో ఉన్న కొలత కాదు. ప్రతిమ ఎత్తును 108 భాగాలు చేసి ఒక భాగాన్ని అంగుళమంటారు. ముఖం 12 అంగుళాలని చెప్పి, నగ్నజిత్తు మతంలో ముఖం పొడవు 14 అని, అది ద్రావిడమానమని వరాహమిహిరుడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు. దక్షిణదేశ శిల్పాన్ని పరిశీలించేవారు ఈ మాట మరువరాదు. 12 అంగుళాల ముఖానికి 18 అంగుళాల కటి ఒకటిన్నర రెట్లు. 14 అంగుళాల ముఖానికి ఒకటీ రెండేడవ వంతులే. ప్రతిమ కటి చుట్టుకొలత 44 అని కూడ అతడు చెప్పినాడు. వెడల్పు 18 గల నిండు వృత్తానికి చుట్టుకొలత 56 దాటుతుంది. 44 రావాలంటే అడ్డుకోత దీర్ఘవృత్తమై, ముందువెనుకల మందం వెడల్పులో సగానికి కొంచెం పైన ఉండాలి. బ్రతికిన మనిషి నడుము ఇంత పలుచన కాదు. ఎదురుగా నిలిచి దర్శించేవాని కోసం మలచిన మూర్తి అది.

ఇప్పుడు ఆధునిక శరీరమాపనశాస్త్రం ఏమంటున్నదో చూడవచ్చు. తుంటి ఎముకల పై అంచులను జఘనశిఖలు అనవచ్చు. ఎడమ శిఖ వెలిఅంచునుండి కుడి శిఖ వెలిఅంచు వరకు, చర్మాన్ని గట్టిగా నొక్కి ఎముక తగిలేటట్లు కొలిస్తే, వయస్కులైన స్త్రీపురుషులలో ఆ వెడల్పు ఎత్తులో ఇంచుమించు ఆరింట ఒక వంతు వస్తుంది. 168 సెంటీమీటర్ల మనిషికి 28 సెంటీమీటర్లు. కండతో, కొవ్వుతో కలిపి తుంటి దగ్గర విశాలమైన చోట కొలిస్తే అయిదింట ఒక వంతుకు దగ్గరగా ఉంటుంది. చరకుని 19, ఊర్ధ్వబాహు సమన్వయంతో వచ్చిన సుశ్రుతుని 19, 20 ఈ రెండవ కొలతకే పొసగుతున్నవి. అంటే వైద్యగ్రంథాల కటి ఎముక కాదు. మాంసంతో కూడిన, వైద్యుని ఎదుట నిలిచిన శరీరపు నడుము. ఇది సందర్భానికి తగినదే. ఆయుఃపరీక్ష జీవించి ఉన్నవానికి చేసేది. బృహత్సంహిత ఆరవవంతు ఎముక వెడల్పుతో కలిసినది గదా అని దానికి అస్థిజ్ఞానాన్ని ఆరోపించటం తొందరపాటు. 9 ముఖాల మూర్తిలో ఒకటిన్నర ముఖం వెడల్పు పెడితే ఆరవవంతు తనంతట తానే వస్తుంది.

ఎముకను గురించి సుశ్రుతుడు చెప్పలేదా అంటే చెప్పినాడు, వేరొక స్థానంలో, వేరొక రీతిగా. శారీరస్థానం అయిదవ అధ్యాయంలో శల్యతంత్రం ప్రకారం అస్థులు 300 అని, వేదవాదులు 360 అంటారని చెప్పి, శ్రోణిలో 5 ఎముకలు లెక్కించినాడు. గుదం, భగం, రెండు నితంబాలు కలిసి 4, త్రికంలో 1. చరకుడు రెండు శ్రోణిఫలకాలు, ఒక భగాస్థి అన్నాడు. నేటి లెక్కలో పెద్దవారి శ్రోణిలో ఎముకలు నాలుగు: ఇరువైపుల రెండు తుంటి ఎముకలు, వెనుక త్రికాస్థి, దాని కొసన అనుత్రికాస్థి. రుడాల్ఫ్ హోర్న్‌లే 1907లో ప్రాచీన భారతీయ అస్థిశాస్త్రాన్ని గూర్చి రచించిన గ్రంథంలో ఈ లెక్కలను ఒక్కొక్కటిగా సరిచూచినాడు. సుశ్రుతుని భగాస్థి ప్రత్యేకమైన ఎముక కాదు. రెండు తుంటి ఎముకల ముందరి కొమ్మలు మధ్యలో మృదులాస్థితో కలిసిన భాగం. దానిని విడిగా ఎంచటం పొరపాటే గాని అకారణమైన పొరపాటు కాదు.

కారణం ఎముక పుట్టుకలో ఉన్నది. తుంటి ఎముక పసితనంలో ఒక ఎముక కాదు, మూడు. పైన విసనకర్రవలె విచ్చుకొన్నది ఇలియం. కూర్చున్నప్పుడు బరువు మోసేది ఇస్కియం. ముందుకు వచ్చి రెండవవైపు దానితో కలిసేది ప్యూబిస్. తొడ ఎముక తల ఇమిడే గుంటలో ఈ మూడూ మూడు ఆకుల మృదులాస్థి మీద కలుసుకొంటవి. ఆ మృదులాస్థి గట్టిపడి మూడూ ఏకం కావటం సుమారు 14 మొదలు 17 ఏండ్ల ప్రాయంలో జరుగుతుంది. గుంట నిర్మాణంలో ఇస్కియం వాటా అయిదింట రెండు వంతులకు కొంచెం ఎక్కువ, ఇలియం వాటా అయిదింట రెండుకు కొంచెం తక్కువ, ప్యూబిస్ వాటా అయిదింట ఒకటి. తుంటి ఎముకలో గణితమున్నదని నిస్సంకోచంగా చెప్పదగిన చోటు ఇది. నిలుచున్నప్పుడూ కూర్చున్నప్పుడూ మొండెం బరువు మోసే రెండు ఎముకలు గుంటలో సమానంగా పంచుకొన్నవి. ముందర కట్టువలె ఉన్న మూడవది వాటిలో సగం తీసికొన్నది. పసి శవంలో గాని, ఎదుగుతున్న వయస్సు శవంలో గాని చూచినవానికి ముందరి ఎముక వేరుగానే కనిపిస్తుంది.

పైగా సుశ్రుతుని పరిశీలన చేతితో తాకినది. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో 7 రాత్రులు నానబెట్టి, వట్టివేరు మొదలైనవాటి కుంచెతో మెల్లగా తోమి చూడమన్నాడు. అట్లు చూచినందువలననే అతని వర్గీకరణకు పట్టు ఉన్నది. నితంబాస్థిని కపాలజాతిలో, అంటే పెంకువంటి ఎముకలలో చేర్చినాడు. తొడమొదటి కీలును ఉలూఖలమన్నాడు. రోటిలో రోకలి వలె. శ్రోణి ఎముకలు తమలో తాము కలిసే కీళ్లను సముద్గమన్నాడు. మూత గల పెట్టె వలె. లాటిన్‌లో ఆ గుంటను ద్రాక్షపులుసు పోసికొనే గిన్నె అన్నారు. గిన్నె ఆకారాన్ని మాత్రమే చెప్పినది, రోలు ఆకారంతోపాటు లోపల తిరిగే రోకలిని కూడ చెప్పినది. తెలుగు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలలో శ్రోణి ఉలూఖలమనే మాట నేటికీ సుశ్రుతుని ఋణమే. మొత్తం ఎముకకు ఐరోపా వైద్యులు చాలకాలం పేరులేని ఎముక అనే పేరే పెట్టి ఊరకున్నారు.

ఇంత పరిశీలన చేసినవాడు ఈ అధ్యాయంలో శ్రోణి ఎముకలకు అంగుళాలు చెప్పలేదు. సూత్రస్థానంలో సంఖ్య ఉన్నది, ఎముక లేదు. శారీరస్థానంలో ఎముక ఉన్నది, కొలత లేదు. తుంటి ఎముకకు శాస్త్రోక్తమైన నిష్పత్తి అని నేడు చెప్పేవారు ఈ రెండు స్థానాలను కలిపి కుట్టి చెప్పుచున్నారు.

ఎముక నిష్పత్తులు ఆధునికులు కొలిచినవే. విడి తుంటి ఎముకలో నిలువు 4 భాగాలైతే ఇలియం వెడల్పు 3 భాగాలకు దగ్గరగా ఉంటుంది. సుశ్రుతుని 24, 18ల నిష్పత్తి కూడ ఇంతే కదా అని సంబరపడే ముందు, అది రొమ్ముకు నడుముకు గల నిష్పత్తి అని, ఇది ఒకే ఎముక పొడవు వెడల్పుల నిష్పత్తి అని గుర్తుంచుకోవాలి. చిన్న పూర్ణసంఖ్యలు ఎక్కడైనా ఎదురవుతవి.

స్త్రీపురుష భేదాన్ని ఎముక మీద స్పష్టంగా చూపినవాడు షెర్వుడ్ వాష్‌బర్న్. 1948లో అతడు ప్యూబిస్ పొడవును ఇస్కియం పొడవులో నూటికి ఇంత అని లెక్కగట్టినాడు. శ్వేతజాతి అస్థిపంజరాలలో పురుషుల సగటు 83.6, స్త్రీల సగటు 99.5. నల్లజాతి అస్థిపంజరాలలో 79.9, 95.0. జాతిభేదం నాలుగు అయిదు పాళ్లు. లింగభేదం 15 పాళ్లు. స్త్రీకి రెండు ఎముకలూ ఇంచుమించు సమానం. పురుషునికి ముందరిది ఆరింట ఒక వంతు పొట్టి. జఘనశిఖల వెలివెడల్పులోనో, సెంటీమీటర్లలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఎత్తుతో పోల్చినప్పుడే స్త్రీది కొంచెం ఎక్కువ. భేదమంతా లోపల ఉన్నది, ముందుభాగంలో ఉన్నది.

ఇప్పుడు సుశ్రుతుని నడిమి వాక్యానికి తిరిగి వస్తే, అధ్యాహారం లేని పాఠం, మూడూ 18 అన్నది, ఎముక వెలివెడల్పుకు దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుంది. అయినా దానిని అంగీకరించటం కష్టం. పురుషుని రొమ్మూ కటీ ఒకే వెడల్పని సుశ్రుతుడు అనుకొన్నాడంటే చరకునితో విరోధం వస్తుంది, కంటితో చూచేదానితోనూ విరోధమే. స్త్రీశ్రోణిని పురుషుని రొమ్ముతో పోల్చి, వెంటనే పురుషకటిని వేరొక ఉరస్సుతో పోల్చటంలోనే విలోమార్థం ధ్వనిస్తున్నది. వ్యాఖ్యానమార్గమే బలవత్తరం. కాని 24 అన్నది కొలిచి తెచ్చిన సంఖ్య అనటానికి వీలులేదు. ఎత్తు 90 అయినా, 96 అయినా, అది ఎత్తులో నాలుగవ వంతు, అంతకు పైన. స్త్రీల తుంటి వెడల్పు కండతో కలిపినా సాధారణంగా అంత ఉండదు. భేదం నిజం, పరిమాణం అలంకారం.

పరిమాణం నిజంగా ప్రాణం మీదికి వచ్చే చోటు ప్రసవమార్గం. ప్రసూతిశాస్త్ర గ్రంథాలు దానిని మూడు అంతస్తులుగా, మూడు దిశలలో సెంటీమీటర్లలో చెప్పుతవి. పైద్వారంలో ముందువెనుకలు 11, ఏటవాలు 12, అడ్డం 13. నడిమి గదిలో మూడూ 12. కింది ద్వారంలో ముందువెనుకలు 13, ఏటవాలు 12, అడ్డం 11. నిలువుగా కూడినా, అడ్డంగా కూడినా 36. నారాయణపండితుడు 1356 నాటి గణితకౌముదిలో భద్రగణితమని విస్తరించిన చదరాలను ఇది గుర్తుచేస్తుంది. మూలలు కలిపితే మాత్రం 34, 38 వచ్చి భద్రం చెడుతుంది. ఈ పట్టికలో ముఖ్యమైనది మొత్తం కాదు, దిశ మారటం. పైన అడ్డంగా విశాలమైన మార్గం కింద ముందువెనుకలుగా విశాలమగుచున్నది. శిశువు తల పొడవు వెడల్పు సమానం కాదు గనుక అది దిగుతూ తిరగవలసి వస్తుంది. శిశువు లోపల తిరగటానికి కారణం ఈ తొమ్మిది అంకెలలోనే ఉన్నది.

అయితే ఈ అంకెలు ఎవరివి? విలియం టర్నర్ 1880ల దశకంలో పైద్వారపు ముందువెనుకల కొలతను అడ్డపుకొలతలో నూటికి లెక్కించి, 90కి లోపు చదునైన శ్రోణి అని, 95కు పైన పొడవైన శ్రోణి అని, నడుమ ఉన్నది మధ్యమమని విభజించినాడు. 13లో 11 అంటే 84.6. పాఠ్యగ్రంథపు ఆదర్శశ్రోణి టర్నర్ పట్టికలో చదునైనది. లియా బెట్టీ, ఆండ్రియా మానికా 2018లో ప్రపంచంలోని పలు జనసముదాయాల అస్థిపంజరాలను పరిశీలించి, ప్రసవమార్గపు ఆకారం ప్రాంతానికొక రీతిగా చాల మారుచున్నదని, గ్రంథాలలోని వర్ణన ఐరోపా స్త్రీల శ్రోణి మీద ఆధారపడినదని చూపినారు. పెన్నా డెల్టాలో నాట్లు వేసే స్త్రీ దేహానికి ఆ 11, 13 అంకెలను పరప్రమాణంగా రుద్దటం కన్న స్వాంగుళసూత్రమే న్యాయమైనది. సుశ్రుతచరకుల సంఖ్యల కన్న వారి కొలబద్ద విలువైనది.

వెలికొలత లోపలి కొలతను చెప్పదన్న సంగతి కూడ వైద్యులు ఆలస్యంగా గ్రహించినారు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి వైద్యుడు బోదలోక్ నడుము వెనుకనుండి ముందరి ఎముక వరకు బయట కొలిచి, అందులోనుండి ఒక స్థిరసంఖ్యను తీసివేస్తే లోపలి మార్గం తెలుస్తుందన్నాడు. ఆ పద్ధతి నమ్మదగినది కాదని తరువాత మానివేసినారు. నడుము విశాలంగా కనబడితే పురుడు సుళువన్న ఊరిమాటకు గతి ఇదే.

స్వర్ణనిష్పత్తిని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మాత్రావృత్తాల సంఖ్యను లెక్కించుతూ విరహాంకుడు, గోపాలుడు, హేమచంద్రుడు గుర్తించిన 1, 2, 3, 5, 8, 13 అనే వరుసలో పక్కపక్క సంఖ్యల భాగఫలం 1.618కి చేరుతుందన్నది సత్యం. ఛందస్సులో అది లెక్క వలన వచ్చినది. శ్రోణిలో అట్టి లెక్క లేదు. పైన చెప్పిన నిష్పత్తులు 1.33, 1.18, 1.20, 1.5, ఏదీ 1.618 కాదు. ఎముక మీద పదికి పైగా బిందువులున్నవి. ఏ రెండు దూరాలను ఎంచుకోవాలో ముందుగా నిర్ణయించకుండ వెదికితే ఏ సంఖ్య అయినా దొరుకుతుంది.

సుశ్రుతుని పట్టికకు అతడే పెట్టిన ఒక నిబంధనను మాత్రం చాలమంది విడిచిపెడుతున్నారు. ఆ అంగప్రమాణాలు ఏ వయస్సువారివి? వెంటనే వచ్చే శ్లోకం పురుషునికి 25, స్త్రీకి 16 ఏండ్లకు వీర్యం సమత్వాన్ని పొందుతుందన్నది. శారీరస్థానంలో 16 నిండని స్త్రీ యందు 25 నిండని పురుషుని వలన గర్భం నిలిస్తే అది లోపలనే విపత్తు పొందునని హెచ్చరిక ఉన్నది. జఘనశిఖ అంచు యౌవనంలో వేరుగా ఏర్పడి, తక్కిన ఎముకతో పూర్తిగా కలియటం ఇరవై దాటిన తరువాత, 25లోపు. పురుషుని విషయంలో సుశ్రుతుని అంకె ఎముకతో సరిపోయినది. స్త్రీ విషయంలో సరిపోలేదు. బాలిక ఎత్తు ఎదగటం ఆగిన తరువాత కూడ ప్రసవమార్గం విశాలమగుచునే ఉంటుంది. 2016లో వెలువడిన స్విట్జర్లాండు పరిశోధకుల అధ్యయనం స్త్రీశ్రోణి ప్రసవానికి అత్యంత అనుకూలమైన ఆకారాన్ని 25, 30 ఏండ్ల నడుమ పొందుతుందని చూపినది. 16 ఏండ్ల అంకెను శాస్త్రప్రమాణంగా ఉదాహరించి బాల్యవివాహాన్ని సమర్థించినవారు వెనుకటి తరాలలో ఉన్నారు. ఆ శ్లోకం కనిష్ఠహద్దును చెప్పినది గాని అనుమతిని ఇవ్వలేదు. ఎముక ఆ హద్దును ఇంకా ముందుకు జరుపుచున్నది.

ఇక నెల్లూరు సీమ నీరు. హెచ్.ఇ. షార్ట్, అతని సహచరులు 1937లో వర్ణించిన వ్యాధి తీరపు ఇసుకనేలలది కాదు. సముద్రపు ఒడ్డున, మైపాడు మొదలైన చోట్ల, బావుల కష్టం ఎక్కువగా ఉప్పదనం. ఫ్లోరైడు కష్టం పడమటి మెట్టప్రాంతాలది. అక్కడ గట్టిరాతి పొరలలోని ఖనిజాలనుండి ఫ్లోరైడు నీటిలో దిగుతుంది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నాడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు వేరైనవి. వైద్యులకన్న ముందు రైతులే దుక్కిటెద్దులు అడుగు వేయలేకపోవటం చూచి ఏదో ఉన్నదని గుర్తించినారని చెప్పుదురు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశం.

ఎక్స్‌రే చిత్రంలో ఈ వ్యాధి తొలుత వెన్నులోను, శ్రోణిలోను తెలుస్తుంది. ఎముక తెల్లగా, గట్టిగా, గరుకుగా కనిపిస్తుంది. తరువాత త్రికాస్థినుండి ఇస్కియం వరకు పోయే స్నాయువులు సున్నం పట్టి ఎముకలవలె బిగుస్తవి. తిండిలో సున్నపుపాలు తక్కువైన స్త్రీలలో ఎముక మెత్తబడటం దీనికి తోడైతే కథ వేరుగా నడుస్తుంది. మెత్తని ఎముక మీద మొండెం బరువు పైనుండి, తొడల ఒత్తిడి రెండు ప్రక్కలనుండి పడి, ఉలూఖలాలు రెండూ లోనికి ఒరుగుతవి, త్రికం ముందుకు దిగుతుంది. 13కు 11గా ఉన్న పైద్వారం మూడు కొమ్మల సందువలె ఇరుకగుచున్నది. ఆమె జఘనశిఖల మధ్య వెడల్పు బయట స్వాంగుళంతో కొలిస్తే అంతకు ముందున్నంతే ఉండవచ్చును.